గాజువాక ఆటోనగర్‌లో క్రూజ్ కంట్రోల్ స్విచ్ మార్పించాను, ఆ ఎలక్ట్రీషియన్ పని గురించి వివరంగా

కారు ఎలక్ట్రికల్ పనికి వైజాగ్‌లో నమ్మకమైన మనిషి ఎవరున్నారు అని తెలిసినవాళ్ళందరూ అడుగుతుంటారు, నేనూ చాలా కాలం వెతికాను, ఇప్పుడు దొరికారు కాబట్టి కాస్త పొడుగైనా మొత్తం రాస్తున్నా. గాజువాక ఆటోనగర్‌లో లారీ బాడీ బిల్డింగ్ షెడ్లు దాటాక లోపల రోడ్డులో చిన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు. మేస్త్రి గారు, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఒక కుర్రాడు, అంతే. పేరూ నంబరూ రాయొద్దని ఆయనే అడిగారు, ఇద్దరం ఉన్నాం సార్, ఒకేసారి పది బళ్ళొస్తే ఏ పనీ సరిగ్గా అవ్వదు అన్నారు, అందుకే రాయట్లేదు. కానీ పని ఎలా చేశారో దగ్గరుండి చూశాను, అది చదివితే మీరు ఇదే పని ఎక్కడ చేయించుకున్నా ఏం చూసుకోవాలో తెలుస్తుంది.

మాది 2018 మోడల్ పెట్రోల్ సెడాన్, మాన్యువల్ గేరు, వారంటీ ఎప్పుడో అయిపోయింది. నేను పని మీద తరచూ శ్రీకాకుళం, టెక్కలి వైపు తిరుగుతుంటాను. కుడి మోకాలికి ఆపరేషన్ అయింది, యాక్సిలరేటర్ మీద కాలు గంటసేపు అలాగే పెట్టి ఉంచితే సాయంత్రానికి మోకాలు వాచిపోతుంది. క్రూజ్ కంట్రోల్ అంటే మనం పెట్టిన స్పీడ్‌ని యాక్సిలరేటర్ తొక్కకుండానే బండి నిలబెట్టుకునే ఏర్పాటు. ఆనందపురం దాటి ఎన్‌హెచ్ 16 మీద కాస్త ఖాళీ దొరికితే 80 దగ్గర సెట్ చేసి కాలు పక్కన పెట్టుకుంటా, ఆ హాయి మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. "మన రోడ్లకి క్రూజ్ ఎందుకు బావా, వదిలెయ్" అని మా బావమరిది అన్నాడు గానీ నేను వదలదలుచుకోలేదు. అసలు ఈ క్రూజ్ కంట్రోల్ కనిపెట్టింది రాల్ఫ్ టీటర్ అనే అమెరికా ఇంజనీరు, చిన్నతనంలోనే చూపు పోయింది ఆయనకి. జీవితమంతా ఎవరో నడుపుతుంటే పక్కన కూర్చునే ప్రయాణం చేశారు, డ్రైవరు తొక్కడం వదలడం తొక్కడం వదలడం, ఆ కుదుపులు ఒంటికి తెలిసి తెలిసి ఈ ఆలోచన వచ్చిందంటారు. 1950లో పేటెంట్ వచ్చింది, 1958లో క్రైస్లర్ కంపెనీ కార్లలో పెట్టారు. డాబు కోసం పుట్టిన వస్తువు కాదిది, ఒంటి సుఖం కోసం పుట్టింది, నేను వాడేదీ అందుకే.

ఇక ప్రాబ్లం. మా కారులో స్టీరింగ్ కుడి పక్క నాలుగు బటన్లు ఉంటాయి, క్రూజ్ ఆన్, సెట్, రెస్యూమ్ (ముందు పెట్టిన స్పీడ్ మళ్ళీ అందుకోడానికి, క్రూజ్ నడుస్తుంటే స్పీడ్ పెంచడానికి), క్యాన్సిల్. మొదట సెట్ ఒక్కోసారి పట్టేది కాదు, ఇంకోసారి గట్టిగా నొక్కితే పట్టేది. వానాకాలంలో మరీ ఎక్కువ. తర్వాత్తర్వాత ఆన్ నొక్కితే మీటర్‌లో పచ్చ గుర్తు వెలుగుతుంది, సెట్ మాత్రం చాలాసార్లు ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అంతవరకైతే ఓర్చుకునేవాణ్ణే, ఒకరోజు ఎలాగో క్రూజ్ పట్టింది, నాతవలస టోల్ రాబోతుంటే క్యాన్సిల్ నొక్కాను, స్పీడ్ తగ్గాల్సింది పోయి బండి ముందుకి లాగింది! బ్రేక్ మీద కాలేస్తే వెంటనే కట్ అయింది అనుకోండి, బ్రేక్ తగిలితే క్రూజ్ పోవాల్సిందే, కానీ గుండె ఝల్లుమంది. ఆ రోజు నుంచి క్రూజ్ ముట్టుకోలేదు, రిపేరు చేయించేదాకా ఆన్ కూడా చెయ్యలేదు.

ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్ళాను, ఏ సెంటరో చెప్పను. స్కానర్ పెట్టారు, ఎర్రర్ కోడ్ ఏమీ రాలేదు. కోడ్ రాలేదు కాబట్టి క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ వెనక ఉండే వైరు చుట్ట, కింద చెప్తాను) అయ్యుండొచ్చు సార్, అది మార్చి చూద్దాం, తగ్గకపోతే స్విచ్ కూడా మార్చేద్దాం అన్నారు. రెండూ కలిపి లేబర్‌తో 16,500 ఎస్టిమేట్. మార్చి చూద్దాం అనే మాట దగ్గరే నాకు మనసు ఒప్పుకోలేదు. మల్టీమీటర్ (వైర్లు, స్విచ్‌లు చెక్ చేసే మీటర్) పెట్టి చెక్ చేశారా అని అడిగితే అడ్వైజర్ దగ్గర సమాధానం లేదు, లోపల బండి చూసినాయనతో మాట్లాడతానంటే కస్టమర్లని లోపలికి పంపం అన్నారు. క్లాక్ స్ప్రింగ్ మార్చాక ప్రాబ్లం అలాగే ఉంటే ఆ డబ్బులు వెనక్కిస్తారా అంటే ఇవ్వరు. మరి వాళ్ళ అనుమానానికి డబ్బులు నేనెందుకు కట్టాలి?

మా ఆఫీసులో ట్యాక్సీలు తిప్పే డ్రైవర్ ఒకతను ఆటోనగర్ మేస్త్రి గారి దగ్గరికి వెళ్ళమన్నాడు. వెళ్ళేసరికి ఆయన ఒక లారీ కింద పడుకుని సెల్ఫ్ మోటారు వైరింగ్ చూస్తున్నారు. లేచొచ్చి చేతులు తుడుచుకుని, "ఏటి సార్ ప్రాబ్లం" అన్నారు. నేను చెప్తుంటే మధ్యలో ఆపకుండా మొత్తం విన్నారు, విని వరసగా అడగడం మొదలెట్టారు. హారన్ కొడతాందా? కొడుతుంది. ఎడం పక్క సౌండ్ బటన్లు? బాగున్నాయి. మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకుండా ఉండిపోతాందా? లేదు. స్టీరింగ్ తిప్పినప్పుడు టకటక సౌండేమైనా? లేదు. "అలగైతే క్లాక్ స్ప్రింగ్ మీద అనుమానం తక్కువే సార్, కానీ అడిగినంత మాత్రాన తెలీదు, మీటర్ పెట్టి చూసే చెప్తాను. ఏటి పోయిందో తెలకుండా సామాన్లు మార్చేస్తే ఎలగ?" అన్నారు. నాకు అక్కడే సగం నమ్మకం కుదిరింది.

క్లాక్ స్ప్రింగ్ అంటే తెలియనివాళ్ళకి ఒక ముక్క. స్టీరింగ్ వెనక గుండ్రటి డబ్బాలో రిబ్బన్ లాంటి వైరు చుట్టలు చుట్టి ఉంటుంది, స్టీరింగ్ ఎటు తిప్పినా అది విప్పుకుంటూ చుట్టుకుంటూ ఉంటుంది కాబట్టి వైరు తెగదు. హారన్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ మీది బటన్లు అన్నిటి కనెక్షన్లూ దాని గుండానే వెళ్తాయి. అది పోతే చాలా కార్లలో హారన్ మూగబోవడమో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడమో కూడా జరుగుతుంది, అందుకే ఆయన అవన్నీ అడిగారు. అందులో ఒక్క క్రూజ్ వైరే తెగే ఛాన్స్ కూడా ఉంది, అందుకే మీటర్ పెట్టకుండా తేల్చనన్నారు.

స్టీరింగ్ ముట్టుకోకముందు బ్రేక్ లైట్లు చూశారు. కుర్రాణ్ణి వెనక నించోబెట్టి నన్ను బ్రేక్ తొక్కమన్నారు, తర్వాత ఆయన దగ్గరున్న చిన్న స్కానర్ పెట్టి లైవ్ డేటా (ఏ స్విచ్ ఏం చెప్తోందో అప్పటికప్పుడు చూపించేది) తెరిచారు. బ్రేక్ పెడల్ దగ్గర స్విచ్‌లో రెండు కాంటాక్టులు ఉంటాయట, ఒకటి లైటు వెలిగించడానికి, ఇంకోటి ఈసీయూకి, అంటే ఇంజన్ కంప్యూటర్‌కి, బ్రేక్ తొక్కారని చెప్పడానికి. రెండిటికీ పొత్తు కుదరకపోతే ఈసీయూ క్రూజ్ పట్టనివ్వదు. మాన్యువల్ బండి కాబట్టి క్లచ్ పెడల్ స్విచ్ కూడా చూశారు. క్రూజ్ పనిచెయ్యట్లేదంటే చాలాసార్లు దోషం ఈ పెడల్ స్విచ్‌లదే అవుతుంది, తక్కువ ఖరీదు వస్తువులు, ముందు ఇవి చూడకుండా స్టీరింగ్ విప్పడం తప్పు అన్నారు. ఆ బ్రేక్ దగ్గర స్విచ్‌ని తేలిగ్గా తీసుకోకూడదనడానికి పెద్ద ఉదాహరణే ఉంది, అమెరికాలో ఫోర్డ్ వాళ్ళు క్రూజ్‌ని కట్ చేసే స్విచ్‌లోంచి బ్రేక్ ఆయిల్ లీకై మంటలొస్తున్నాయని 1999 నుంచి 2009 దాకా విడతలు విడతలుగా కోటికి పైగా బళ్ళు వెనక్కి పిలిచారు. మా బండిలో బ్రేక్ స్విచ్, క్లచ్ స్విచ్ రెండూ బాగానే ఉన్నాయి.

అప్పుడు అదే లైవ్ డేటాలో క్రూజ్ బటన్ల లైను తెరిచి ఒక్కోటీ నొక్కమన్నారు. ఆన్ నొక్కితే ఆన్ అని వచ్చింది. సెట్ నొక్కితే ఏమీ రాలేదు. క్యాన్సిల్ నొక్కితే, చూడండి, రెస్యూమ్ అని వచ్చింది! నాతవలస దగ్గర బండి ఎందుకు లాగిందో స్క్రీన్ మీద కళ్ళారా చూశాను. ఆయన చెప్పిందేంటంటే ఈ నాలుగు బటన్లకీ నాలుగు వైర్లు ఉండవు, ఒకటే వైరు, ఒక్కో బటన్ వెనక ఒక్కో విలువ రెసిస్టరు (కరెంటుని కొంత అడ్డుకునే చిన్న భాగం) ఉంటుంది, ఏ బటన్ నొక్కితే ఎంత ఓల్టేజ్ వచ్చిందో చూసి ఈసీయూ ఇది సెట్, ఇది క్యాన్సిల్ అని లెక్కేసుకుంటుంది. లోపల కాంటాక్ట్ పాడైతే దానికి ఇంకాస్త రెసిస్టెన్స్ తోడై ఒక బటన్ ఇంకో బటన్ లాగ కనబడుతుంది. ఈసీయూ దృష్టిలో అది తప్పు కాదు, ఎవరో రెస్యూమ్ నొక్కారు అంతే, అందుకే ఎర్రర్ కోడ్ రాదు. కోడ్ రాలేదని సర్వీస్ సెంటర్ వాళ్ళు వదిలేసిన చోటే ఈయన మొదలుపెట్టారు, లైవ్ డేటా చూసి ఉంటే వాళ్ళకీ ఇదే కనబడేది, ఆ స్కానర్ వాళ్ళ దగ్గరా ఉంది.

ఇక విప్పడం. ఎయిర్‌బ్యాగ్ తియ్యకుండా ఆ స్విచ్ రాదు మా కారులో, ఇక్కడ మీరు బాగా గమనించాలి. ముందు చక్రాలు నేరుగా ఉండేలా స్టీరింగ్ పెట్టారు, కారు ఆఫ్ చేసి బ్యాటరీ నెగటివ్ తీసేశారు, తీసి వెంటనే మొదలెట్టలేదు, టీ తెప్పించారు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌లో కెపాసిటర్ (కరెంటు దాచుకునే భాగం) చార్జ్ అయి ఉంటుందట, అది దిగేదాకా ఆగాలి, ఎంతసేపనేది కంపెనీని బట్టి మారుతుంది, తొందరపడితే మొహం మీద పేలుతుంది సార్ అన్నారు. కుర్రాడు గ్లాసులో సగం టీ ఉండగానే స్క్రూడ్రైవర్ పట్టుకుంటే "ఒగ్గీరా, ఇంకాసేపాగు" అని కేకేశారు. తర్వాత డోరు దగ్గర పెయింట్ లేని ఇనుముని చేత్తో ముట్టుకున్నారు, ఒంట్లో స్టాటిక్ పోవడానికి. స్టీరింగ్ వెనక బెజ్జాల్లోంచి క్లిప్పులు నొక్కి ఎయిర్‌బ్యాగ్ వదులు చేసి, పసుపు రంగు కనెక్టర్ లాక్ తీసి, దాన్ని వెనక సీట్లో కవరు పక్క పైకి ఉండేలా పెట్టారు. బోర్లా పెట్టకూడదు, పొరపాటున పేలితే ఎగిరొచ్చి తగుల్తుంది. ఆ పసుపు కనెక్టర్‌లో మీటర్ ముల్లు పెట్టకూడదని కూడా కుర్రాడికి పక్కనే చెప్పారు. యూట్యూబ్ చూసి ఇంట్లో చేసేద్దాం అనుకునేవాళ్ళకి నా మనవి, ఈ పని వద్దు.

క్లాక్ స్ప్రింగ్‌లో క్రూజ్ వైరుకి ఆ చివరా ఈ చివరా మీటర్ పెట్టి స్టీరింగ్ మెల్లగా పూర్తిగా అటూ పూర్తిగా ఇటూ తిప్పించారు, వైరు తెగకపోతే వచ్చే బీప్ ఎక్కడా ఆగలేదు. క్లాక్ స్ప్రింగ్ బాగుందని తేలిపోయింది. ఎస్టిమేట్‌లో సగానికి పైగా డబ్బు ఆ బాగున్న వస్తువుదే.

స్విచ్ బయటికి తీసి నా ముందే విప్పారు. టీవీ రిమోట్ విప్పితే ఎలా ఉంటుందో అలాగే, రబ్బరు పొర, దాని వెనక నల్లటి కార్బన్ చుక్కలు, కింద చిన్న సర్క్యూట్ బోర్డు. ఆన్ బటన్ కింద చుక్క నల్లగా నిగనిగలాడుతోంది, సెట్ కింద చుక్క అరిగి బూడిద రంగుకొచ్చింది, క్యాన్సిల్ దగ్గర రాగి గీతల మీద పచ్చటి చిలుము పట్టేసింది. మేం ఉండేది పెదవాల్తేరు, బీచ్ దగ్గర, కారు ఎప్పుడూ బయటే, ఉప్పుగాలి తేమ రెండూ లోపలికి దిగుతాయి. కరోనా టైంలో శానిటైజర్ స్టీరింగ్ మీద స్ప్రే చేసినవాళ్ళ స్విచ్‌లు కూడా ఇలాగే వచ్చాయని ఆయన చెప్పారు, ద్రవం బటన్ సందుల్లోంచి కారి లోపల ఉండిపోతుంది. స్టీరింగ్ తుడవాలంటే గుడ్డ తడిపి పిండి తుడవండి, డైరెక్టుగా ఏదీ కొట్టొద్దు.

కాంటాక్ట్ క్లీనర్ కొట్టి బ్రష్‌తో తుడిచి మీటర్ పెట్టి చూపించారు, క్యాన్సిల్ సరిగ్గా వచ్చింది, సెట్ ఒకసారి వచ్చింది ఒకసారి రాలేదు. క్లీన్ చేసి డబ్బులు తీసుకోవచ్చు సార్, కానీ కార్బన్ పోయింది, మళ్ళీ వస్తుంది, ఇది హైవే మీద వాడే వస్తువు, మార్చేయండి అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది, ఎక్కడ మార్చక్కర్లేదో చెప్పిన మనిషే ఎక్కడ మార్చాలో కూడా చెప్తే సందేహం ఉండదు.

పార్ట్ కోసం ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరుకుతున్నది చూపించాను. వద్దన్నారు, షేప్ అదే ఉంటుంది, సాకెట్ అదే ఉంటుంది, లోపల రెసిస్టర్ విలువ వేరే ఉంటే మళ్ళీ క్యాన్సిల్ నొక్కితే ఇంకేదో అవుతుంది. ఛాసిస్ నంబర్ తీసుకెళ్ళి కంపెనీ స్పేర్స్ కౌంటర్‌లో ఆర్డర్ పెట్టమన్నారు, 3,150 అయింది జీఎస్టీతో కలిపి. 2025 సెప్టెంబర్ నుంచి కారు పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, మీ బిల్లులో ఎంత వేశారో ఒకసారి చూసుకోండి. కొత్త స్విచ్ వచ్చాక బిగించేముందు దాన్నీ మీటర్ పెట్టి చూశారు, ఒక్కో బటన్ నొక్కి ఎన్ని ఓమ్స్ (రెసిస్టెన్స్ కొలత) వస్తుందో కాగితం మీద రాసి, గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా అంకె మారకుండా ఉందని నాకు చూపించి అప్పుడు బిగించారు. కొత్త వస్తువుని కూడా నమ్మకుండా చూసేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి.

తర్వాత టెస్ట్ డ్రైవ్. ఇలాంటి మామూలు క్రూజ్ చాలా కార్లలో 40 లోపు పట్టదు కాబట్టి ఆటోనగర్ సందుల్లో తేలదు. మేస్త్రి గారు నా పక్కన కూర్చున్నారు, కూర్మన్నపాలెం, అగనంపూడి ట్రాఫిక్ దాటి లంకెలపాలెం అవతల రోడ్డు దొరికాక 60 దగ్గర సెట్ చేయించారు. సెట్, క్యాన్సిల్, రెస్యూమ్, బ్రేక్ కొంచెం తాకించి కట్ అవుతుందా, మళ్ళీ రెస్యూమ్, క్లచ్ తాకించి కట్ అవుతుందా, అన్నీ మళ్ళీ మళ్ళీ చేయించారు. ఎయిర్‌బ్యాగ్ లైటు స్టార్ట్ చేసినప్పుడు వెలిగి ఆరిందా అని బయల్దేరేముందే చూశారు. మొత్తం చెకింగూ ఫిట్టింగూ కలిపి లేబర్ 1,200. అంటే 4,350తో పని అయిపోయింది. 1,200 ఎక్కువ అని మా బావమరిది అన్నాడు, నా లెక్కలో అది తక్కువే, ఆయన నాకు అమ్మింది స్విచ్ బిగించే పని ఒక్కటే కాదు, ఏది పోయిందో తేల్చి చెప్పడం, దానికి డబ్బులివ్వడం మనం నేర్చుకోవాలి. చెకింగ్‌కి రూపాయి ఇవ్వం, సామాను మారిస్తేనే ఇస్తాం అని కూర్చుంటే ఎవరైనా సామాన్లే మారుస్తారు.

బాగోలేనివి కూడా చెప్పాలి. కూర్చోడానికి చోటు లేదు, పాత బ్యాటరీ డబ్బా మీద కూర్చున్నాను, ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకుల షెడ్డులో ఉండలేం. ఫోన్ ఎత్తరు, పనిలో ఉంటే అసలు చూడరు. ఫలానా రోజు రండి అన్నారు, ఆ రోజు వెళ్తే ఏదో అర్జెంటు లారీ పనిలో ఉండి సాయంత్రం దాకా నా బండి ముట్టుకోలేదు, ముందే చెప్పుంటే నేను ఇంకో రోజు వెళ్ళేవాణ్ణి. లేబర్‌కి చేత్తో రాసిన చీటీ ఇచ్చారు, ఆఫీసులో క్లెయిమ్ చేసుకునేవాళ్ళకి అది పనికిరాదు. ఇంకోటి, బ్యాటరీ తీసి పెట్టాక డ్రైవర్ సైడ్ అద్దం ఒక్కసారి లాగితే ఆటోమేటిగ్గా పైకెళ్ళే ఫంక్షన్ పోయింది, ఇంటికొచ్చాక చూసి కంగారుపడ్డాను, రాత్రి ఫోన్ చేస్తే ఆ టైంలో ఎత్తారు, అద్దం పూర్తిగా దించి, మళ్ళీ పూర్తిగా ఎత్తి బటన్ అలాగే కాసేపు లాగి పట్టుకోమన్నారు, చేస్తే వచ్చేసింది. అది షాపులోనే చేసి ఇవ్వాల్సింది. గడియారం, రేడియో స్టేషన్లు కూడా మళ్ళీ పెట్టుకోవాల్సొచ్చింది.

అప్పట్నుంచి శ్రీకాకుళం వైపు చాలాసార్లు వెళ్ళొచ్చాను, ఒక వానాకాలం కూడా గడిచింది, ఒక్కసారి కూడా బటన్ తప్పలేదు. వానలో మాత్రం క్రూజ్ వాడను, తడి రోడ్డు మీద టైరు జారితే కాలు యాక్సిలరేటర్ మీద ఉన్నప్పుడు తెలిసినంత తొందరగా తెలీదు, అరకు ఘాట్‌లో అయితే దాని జోలికే పోవద్దు.

మీ బండిలో ఇదే ప్రాబ్లం ఉంటే ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు బ్రేక్ స్విచ్ చూడమనండి, లైవ్ డేటాలో బటన్లు చూపించమనండి, చూపించకుండా సామాను పేరు చెప్తే ఎస్టిమేట్ మీద సంతకం పెట్టొద్దు. ఈ మేస్త్రి గారి దగ్గరికే వెళ్ళాలనుకుంటే ఆటోనగర్‌లో లారీ వైరింగ్ చేసే షాపుల్లో క్రూజ్ స్విచ్ ఎవరు చూస్తారని అడగండి, చూపిస్తారు. పొద్దున్నే వెళ్ళండి, లారీలు వచ్చాక ఆయన దొరకరు, డబ్బులు ఫోన్‌పే తీసుకుంటారు, కార్డు లేదు. ఏసీ గ్యాసు, ఇంజన్ పని ఆయన చెయ్యరు, వాటి కోసం అంత దూరం వెళ్ళకండి.